డాక్టరుగారి ఇంట్లో దగ్గు

మా ఊళ్ళో చీకటి పడ్డాక డాక్టరుగారి ఇంటి ముందు నుంచి తీరిగ్గా నడిచిన మొనగాడు లేడు.

నడవక తప్పేదీ కాదు. రేవు నుంచి ఊళ్ళోకి ఉన్నది అదొక్కటే రోడ్డు. అందుకని ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి అందరూ కాలరు పైకి లాక్కుని, తల దించుకుని, ఊపిరి బిగబట్టి, నడకకీ పరుగుకీ మధ్య రకంలో దాటేసేవాళ్ళు.

ఎందుకంటే ఆ ఇంట్లోంచి దగ్గు వినపడేది.

తాళం వేసిన ఇల్లు. నాలుగేళ్ళుగా మనిషి లేని ఇల్లు. గేటుకి వైద్య బోర్డువాళ్ళు కట్టిన రేకు పలక... దాని మీద ‘ప్రవేశం లేదు’ అన్న అక్షరాలు. కిటికీల్లో దీపం ఉండదు. పొగగొట్టంలో పొగ ఉండదు.

లోపల్నుంచి మాత్రం... ఖళ్... ఖళ్... అని ఒక దగ్గు.

కాసేపు నిశ్శబ్దం. సముద్రం మీది గాలి తప్ప ఏమీ ఉండదు. అంతలో — మొదటి దానికి జవాబు చెప్తున్నట్టు — ఇంకో దగ్గు.

వేరే చోట్ల దెయ్యాలు అర్ధరాత్రి దాకా ఆగుతాయట. ఉత్తరాన, సముద్రం మధ్యనున్న మా గ్రునవే దీవి దెయ్యాలకి అంత ఓపిక అక్కర్లేదు. డిసెంబర్లో మాకు మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడిపోతుంది. మేం టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టే వేళకి అవి డ్యూటీ ఎక్కేస్తాయి.

ఆ దగ్గు మొట్టమొదట విన్నవాడు ఆర్చీ. రేవులో ఫెర్రీ తాళ్ళు పట్టి కట్టే మనిషి. ఒకరోజు సాయంత్రం పరిగెత్తుకుంటూ నా కొట్లోకొచ్చి, తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

“నీల్... డాక్టరింట్లో... ఎవరో...”

“తాగావా?”

“ఎక్కడ తాగుతాను! విస్కీ రావాల్సిన పడవ రద్దయింది కదా!”

అది నిజమే. కాబట్టి నమ్మాల్సి వచ్చింది.

నేను ఈ ఊరి కొట్టువాణ్ణి. మా ఊళ్ళో సౌకర్యాలకి లోటు లేదు, అన్నీ నా కొట్లోనే ఉన్నాయి. పోస్టాఫీసు అంటే బిస్కెట్ల పక్కనున్న కిటికీ. పెట్రోలు పంపు మంగళ, శుక్రవారాలు. ఫైరింజను తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. దాన్ని నడపడం వచ్చినవాడు గ్లాస్గోలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు గానీ, తాళాలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఊరి సంఘానికి అధ్యక్షుణ్ణీ నేనే. ఎన్నిక రోజున మీటింగుకి ఆలస్యంగా వెళ్ళాను, నేను కూర్చునేలోపే అందరూ చేతులెత్తేశారు.

డాక్టరు ఒక్కడే లేడు. పాత డాక్టరు రిటైరై వెళ్ళాక బోర్డువాళ్ళు ఆయన బదులు ఒక స్క్రీన్ పంపించారు. దాన్ని ఊరి హాల్లో గోడకి బిగించారు. దాంట్లో ఎక్కడో ఊళ్ళో కూర్చున్న డాక్టరు కనపడి “నోరు పెద్దగా తెరవండి” అంటాడు, ఎలా తెరవాలో తనే తెరిచి చూపిస్తాడు. సరిగ్గా అప్పుడే నెట్ ఆగిపోతుంది. నోరు తెరుచుకున్న ఆ మొహం గంటసేపు గోడ మీద అలాగే ఉంటుంది. చిన్నపిల్లలు హాల్లోకి రావడం మానేశారు.

ఆర్చీ విన్న దగ్గు వారం తిరక్కుండా ఊరంతా విన్నది. ఎవరిదా దగ్గు? దానికి సమాధానం మా ఊరివాళ్ళకి ఇట్టే తట్టింది.

డాక్టరు కోసం ఎదురుచూసీ చూసీ పోయినవాళ్ళున్నారే — వాళ్ళది. చచ్చిపోయినా వాళ్ళ వంతు ఇంకా రాలేదు. వెయిటింగ్ రూములో వరసగా కూర్చుని... పిలుస్తారేమోనని... అలా దగ్గుతూ ఉన్నారు.

ఇంకో సంగతి. ఆ యేడు మంచు పడితే ఊళ్ళో ప్రతి ఇంటి కప్పూ తెల్లగా అయిపోయింది. ఆ ఒక్క ఇంటి కప్పు మాత్రం నల్లగా, తడిగా, ఆవిరి కక్కుతూ ఉండిపోయింది. కిటికీ అద్దాలకి లోపలి వైపు నుంచి చెమ్మ. ఎవరో అద్దం దగ్గర నిలబడి ఊపిరి వదులుతున్నట్టు...

మా పాస్టరుగారు నెలకి రెండుసార్లు పడవలో వస్తారు. ఆయన ఆ కప్పు చూసి, సరిగ్గా ఆ ఇంటి కిందే నరకం ఉందని, ఆ వేడికే మంచు నిలవడం లేదని రెండు గంటలు ప్రసంగించారు. చర్చిలో చలికి వణుకుతూ వింటున్న మాకు ఆ మాట భయం కలిగించిందో ఆశ కలిగించిందో చెప్పడం కష్టం.

ఈ పేరు పడ్డాక కొత్త డాక్టరు ఎవరొస్తారు? లీడ్స్ నుంచి ఒక కుర్ర డాక్టరు ఇల్లు చూద్దామని వచ్చాడు. సందె చీకట్లో తలుపు మీద చెయ్యి వేశాడో లేదో, లోపల్నుంచి దగ్గు... ఒకటి కాదు, ఒకేసారి నాలుగైదు! వెనక్కి తిరిగి రేవు దాకా పరిగెత్తాడు. పడవ లేదు. గాలి తగ్గక, రేవులో బెంచీ మీద మూడు రోజులు కూర్చున్నాడు, ఊళ్ళోకి మాత్రం రాలేదు. తరవాత ఇంకో డాక్టరు భార్యతో కలిసి వచ్చాడు. ఆవిడ కిటికీ అద్దం మీది చెమ్మ చూసింది. అంతే, ఇద్దరూ వెళ్ళిపోయారు.

చివరికి నిరుడు నవంబర్లో బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకొక్క డాక్టరమ్మ చూడ్డానికి వస్తోంది, ఆవిడ కూడా వద్దంటే గ్రునవేకి ఇక డాక్టరు ఉద్యోగమే ఉండదు. మాకు శాశ్వతంగా స్క్రీనే గతి.

నేను మీటింగు పెట్టాను.

“ఆవిడున్నన్నాళ్ళూ ఊళ్ళో ఎవరి నోటా దెయ్యం అన్న మాట రాకూడదు. చీకటి పడ్డాక ఆవిణ్ణి ఆ రోడ్డు ఎక్కనివ్వకూడదు. ఇల్లు పొద్దున పదింటికి, ఎండలో చూపిద్దాం,” అన్నాను.

“ఎండ ఎక్కణ్ణించి తెస్తావు?” అన్నాడు ఆర్చీ.

వెనక వరసలో ముసలివాళ్ళంతా కట్టగట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలోంచి లాక్లన్ నెమ్మదిగా చెయ్యెత్తాడు. ఎనభై మూడేళ్ళ మనిషి, ఓడల్లో ఇంజన్లు చూసినవాడు.

“ఆ డాక్టరమ్మ వస్తే... ఆ ఇంట్లోనే ఉంటుందా?”

“మరి టెలిఫోన్ బూత్‌లో ఉంటుందా, తాతా?”

అందరూ నవ్వారు. వెనక వరస నవ్వలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాపం, దెయ్యాలంటే ఎంత భయమో అనుకున్నాను. వాళ్ళలో మా అత్తగారు ఎఫీ కూడా ఉన్నారు. ఆవిడ మాతోనే ఉంటారు. డెబ్బై తొమ్మిదేళ్ళు. గడిచిన రెండేళ్ళుగా భక్తిలో పడ్డారు. రోజూ మూడున్నరకి బూట్లు వేసుకుని “ప్రార్థనకి వెళ్తున్నా” అని వెళ్ళి, రాత్రి ఏడింటికి తిరిగొచ్చేవారు. వచ్చేటప్పుడు బుగ్గలు గులాబీల్లా ఉండేవి. భక్తి మనిషికి ఎంత కళ తెస్తుందో అని మా ఆవిడ షీనాతో అంటూ ఉండేవాణ్ణి.

ఆ డాక్టరమ్మ పేరు ఇనెస్ ర్యాంకిన్. గ్లాస్గో పక్కనున్న పెయిస్లీ మనిషి. నలభై ఎనిమిదేళ్ళు, పొట్టిగా గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి రావాల్సిన ఫెర్రీ ఐదింటికి వచ్చింది. దిగేసరికి చిమ్మచీకటి, ముక్కు మీద కొడుతున్న వాన. నేను వ్యాన్ ఎక్కించుకుని, ఆ మలుపు దగ్గర స్పీడు పెంచి, పెద్దగా పాట పాడుతూ దాటించేశాను.

ఇంట్లో షీనా టీ, వేడివేడి స్కోన్ రొట్టెలు, గొర్రె మాంసం సూపు పెట్టింది. అత్తగారు అప్పటికే ప్రార్థనకి వెళ్ళిపోయారు. ఇనెస్ కోటు విప్పకుండానే తింటోంది.

“కోటు తీసెయ్యండి డాక్టరమ్మా, మీ ఇల్లే అనుకోండి,” అన్నాను.

“తీస్తానండీ... కాసేపాగి,” అని కప్పుని రెండు చేతుల్తో పట్టుకుంది.

పద్దెనిమిదేళ్ళు ఎమర్జెన్సీ వార్డులో చేసిందట. “శనివారం రాత్రుళ్ళు పేషంటు మొహం చూసేలోపు ఇంకొకరు వచ్చేస్తారు. ఒక మనిషి తన బాధ మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా, చివరిదాకా చెప్పగా విని ఎన్నేళ్ళయిందో,” అంది. “అలా వినే తీరిక ఉన్న ఊరు కావాలి నాకు.”

“మా ఊళ్ళో మొదలుపెడితే ఆపరండి,” అంది షీనా.

అంతా బాగానే ఉంది. ఇంతలో ఆర్చీ తలుపు తోసుకుని వచ్చాడు.

“రేపు పెద్ద గాలివాన. పొద్దున ఏడింటికి ఒక్క పడవ. అది తప్పితే మళ్ళీ మూడు రోజుల దాకా లేదు.”

ఇనెస్ లేచి నిలబడింది. “అయితే ఇల్లు ఇప్పుడే చూడాలి.”

ఆర్చీ వచ్చినంత వేగంగా మాయమైపోయాడు.

“పగలు చూస్తే బాగుంటుందండీ... కిటికీలోంచి సముద్రం కనపడుతుంది,” అన్నాను.

“సముద్రాన్ని వచ్చేటప్పుడు ఐదు గంటలు చూశాను. ఇల్లు చూపించండి.”

ఏం చెయ్యను? వ్యాన్ తీశాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

“ఇక్కణ్ణించి బురదండీ. చక్రాలు దిగబడిపోతాయి. మీరు... అలా నాలుగడుగులు వేస్తే గేటు.”

ఆవిడ నన్నొకసారి చూసింది. టార్చి తీసుకుంది. బోర్డువాళ్ళిచ్చిన తాళంచెవి జేబులో ఉందో లేదో తడిమి చూసుకుని దిగింది.

ఇక్కణ్ణించి జరిగింది నేను చూడలేదు. ఆవిడ నాకు చెప్పింది చెప్పినట్టు చెప్తున్నాను.

గేటు తీసింది. కిర్రుమంది. వాన ఆగిపోయింది. మేఘాల సందులోంచి కాస్త వెన్నెల. అంతకుముందు రోజు పడ్డ మంచు తోటలో తెల్లగా పరుచుకుని ఉంది. ఇంటి చుట్టూ మాత్రం రెండు మూరల మేర నేల నల్లగా ఉంది. మంచు ఆ ఇంటిని ముట్టుకోవడానికి భయపడినట్టు...

గోడ మీద చెయ్యి పెట్టింది.

గోరువెచ్చగా ఉంది... బతికున్న ఒంటిలా.

చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడు వినపడింది —

ఖళ్... ఖళ్...

టార్చి ఆర్పేసింది. ఎందుకు ఆర్పానో నాకే తెలీదంది. చీకట్లో నిలబడి చెవులు రిక్కించింది. లోపల్నుంచి ఇంకో చప్పుడు. టిక్... టిక్... టిక్... ఎముకకి ఎముక తగిలినట్టు. ఒకచోట కాదు. గది నిండా. టిక్ టిక్ టిక్ టిక్...

చచ్చినవాళ్ళంటే ఆవిడకి భయం లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఎందరినో చూసింది. కానీ వాళ్ళెవరూ దగ్గలేదు!

మళ్ళీ దగ్గు. ఇది వేరే గొంతు.

భయంతో గుండె దడదడలాడుతున్నా ఆవిడ చెవులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మొదటిది పొగతాగేవాడి దగ్గు, నలభై ఏళ్ళ నాటిది. రెండోది దగ్గే కాదు, ఉత్త గొంతు సవరింపు. పరవాలేదు.

మూడోది వచ్చింది.

సన్నగా, లోతుగా... గులకరాళ్ళ మీంచి నీళ్ళు వెనక్కి లాగినట్టు... చివర్న ఊపిరి అందక చిన్న ఈల.

ఇనెస్ ఊపిరి బిగబట్టింది. ఆ దగ్గు ఆవిడకి తెలుసు. అది ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిన దగ్గు. వారం పైబడింది. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు.

‘దెయ్యానికి నిమ్ము చేరుతుందా?’ అనుకుంది.

పారిపోదామని వెనక్కి వేసిన కాలు అక్కడే ఆగింది. ఎవరైతేనేం... ఆ దగ్గు దగ్గేవాళ్ళకి డాక్టరు కావాలి. తను డాక్టరు.

తాళంచెవి తిప్పింది. రెండుసార్లు జారింది. మూడోసారి టక్కుమంది.

లోపల టిక్ టిక్ ఆగిపోయింది. అన్నీ... ఒక్కసారే.

తలుపు తోసింది. మొహం మీద వెచ్చటి గాలి... ఎవరో నోరు తెరిచి ఊపిరి వదిలినట్టు. దాంతోపాటు పెప్పర్‌మింటు వాసన. మా దీవిలో ఆ వాసన రెండు చోట్ల వస్తుంది. చర్చిలో ఒకటి. శవం లేవబోయే ఇంట్లో ఇంకొకటి.

“ఎవరు...?” అంది.

టార్చి వెలిగించింది.

గది గోడల వెంట వరసగా కుర్చీలు. ప్రతి కుర్చీలో ఒక మనిషి. తెల్లటి జుట్టు, ముడతల మొహాలు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా, రెప్ప వెయ్యకుండా... పదకొండు జతల కళ్ళు ఆవిణ్ణే చూస్తున్నాయి.

ఇనెస్ కెవ్వుమంది. టార్చి కిందపడి ఆరిపోయింది.

చిమ్మచీకటి.

ఆ చీకట్లో, ఎక్కడో నడుము ఎత్తులో, ఒక ముసలి గొంతు మెల్లగా పలికింది —

“తలుపు వెయ్యమ్మా... వేడి పోతోంది.”

నేను వ్యాన్‌లో అద్దాలెత్తి కూర్చున్నాను. కేక వినపడలేదని చెప్పొచ్చు గానీ, వినపడింది. కాలు కదల్లేదు. ఊరి సంఘం అధ్యక్షుడికి ఏదైనా అయితే ఊరేమైపోతుందని ఆలోచిస్తున్నాను.

అప్పుడు... నాలుగేళ్ళలో మొదటిసారి... ఆ ఇంట్లో దీపం వెలిగింది.

గుమ్మంలో ఇనెస్. “నీల్ గారూ! అక్కడే కూర్చున్నారేం? త్వరగా రండి, హెలికాప్టర్‌కి ఫోన్ చెయ్యాలి!”

వెళ్ళాను. చూశాను. పదకొండు మందీ మా ఊరి ముసలివాళ్ళే. వెనక గుమ్మం దగ్గర పదకొండు జతల బూట్లు బుద్ధిగా వరసగా ఉన్నాయి. ఆడవాళ్ళ ఒళ్ళో ఉన్ని, అల్లిక సూదులు. చీకట్లో టిక్ టిక్‌మన్నవి అవే. వాళ్ళు యాభై ఏళ్ళుగా అల్లుతున్నారు, వేళ్ళకి వెలుగుతో పనేముంది? నోళ్ళలో, చర్చి ప్రసంగాలప్పుడు చప్పరించే పెప్పర్‌మింటు బిళ్ళలు.

గదిని వేడిచేసే రేడియేటర్‌ని ఆనుకుని, కాళ్ళు చాపుకుని, అందరికన్నా మంచి కుర్చీలో మా అత్తగారు.

“అత్తగారూ! మీరు ప్రార్థనకి కదా...”

“ప్రార్థించాను బాబూ. నువ్వు రాకూడదనే ప్రార్థించాను.”

ఇనెస్ నా వైపు చూడటం లేదు. మూలనున్న ఊనా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వీపుకి స్టెతస్కోపు పెట్టి వింటోంది. ఊనా మా అందరికీ చదువు చెప్పిన టీచరు. పెదాలు నీలంగా ఉన్నాయి.

“ఎన్నాళ్ళ నుంచి ఈ దగ్గు?”

“పది రోజులు.”

“డాక్టరుకి చెప్పలేదా, టీచరుగారూ?”

“చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని ఆగిపోయాడు.”

ఇనెస్ సంచిలోంచి సూదిమందు తీసింది. ఫోన్లో హెలికాప్టర్‌వాళ్ళు గాలి పెరిగేలోపు గంటన్నరలో వస్తామన్నారు. ఊనాని సోఫాలో ఎత్తుగా పడుకోబెట్టి, చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. అప్పుడు గది చుట్టూ చూసి అడిగింది, “ఇప్పుడు చెప్పండి. ఏమిటిదంతా?”

లాక్లన్ లేచాడు. గొంతు సవరించుకున్నాడు. బయట నిలబడి విన్నప్పుడు ఉత్తదని ఇనెస్ తేల్చిన దగ్గు అదే.

పాత డాక్టరు వెళ్తూ వెళ్తూ, కుండీల్లో మొక్కలకి నీళ్ళు పొయ్యమని వెనక గుమ్మం తాళంచెవి లాక్లన్‌కి ఇచ్చాడు. లాక్లన్ నీళ్ళు పొయ్యడానికి వచ్చాడు. ఇల్లు వెచ్చగా ఉంది. మర్నాడూ అంతే. నెలయినా అంతే.

“ఖాళీ ఇంట్లో పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకూడదని బోర్డు వాళ్ళ రూలు,” అన్నాడు. “అందుకని హీటింగ్ ఇరవై ఒక్క డిగ్రీల దగ్గర పెట్టి, మీట చుట్టూ ఇనప పెట్టె బిగించి తాళం వేశారు. ఆ పెట్టె తెరవాలంటే ఒక కాగితం మీద ఇక్కడుండే డాక్టరు సంతకం కావాలి. ఇక్కడ డాక్టరు లేడు. అందుకని నాలుగేళ్ళుగా వెలుగుతూనే ఉంది. మాకు రొట్టె తెచ్చే పడవ రద్దవుతుంది గానీ, ఈ హీటింగ్ బాయిలర్‌కి నూనె తెచ్చే ట్యాంకరు మాత్రం ఎన్నడూ తప్పలేదు.”

“మా ఇళ్ళల్లో చేతులు కొంకర్లు పోతాయమ్మా,” అంది ఒకావిడ. “ఇక్కడ ఎవరూ లేని గదికి ఎండాకాలం.”

“మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి ముందు నేను తోడొచ్చాను,” అంది ఇంకొకావిడ. “తరవాత ఒక్కొక్కరూ...”

“పదకొండు మందా? మొక్కలెన్ని?” అంది ఇనెస్.

“మూడు. రెండు చచ్చిపోయాయి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “దెయ్యమని ఊరంతా హడలి చస్తుంటే నోరు విప్పరా? ఇద్దరు డాక్టర్లని తరిమేశారు కదయ్యా!”

“మేం తరమలేదు,” అన్నాడు లాక్లన్. “దగ్గాం. ముసలివాళ్ళం, దగ్గకుండా ఉంటామా?”

“ఆ లీడ్స్ అబ్బాయి వచ్చినప్పుడు,” అన్నారు అత్తగారు అల్లిక మీంచి తల ఎత్తకుండా, “నువ్వు కాస్త ఎక్కువే దగ్గావు, లాక్లన్. మమ్మల్నీ దగ్గమని మోచేత్తో పొడిచావు.”

లాక్లన్ తన మేజోళ్ళ వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. సోఫాలో ఊనా ఎగశ్వాస విని ఆవిడ వైపు తిరిగాడు.

“డాక్టరు వస్తే ఈ గది పోతుందనుకున్నాను,” అన్నాడు. “జబ్బు ఎప్పుడో వస్తుంది, చలి రోజూ వస్తుంది కదా అని... ఆ అబ్బాయిని నేను వెళ్ళగొట్టకపోతే టీచరుగారికి ఇవాళ ఇంతదాకా వచ్చేది కాదు. డాక్టరమ్మా, ఈవిడ బతుకుతుందా?”

“బతుకుతుంది,” అంది ఇనెస్. “ఇవాళ ఆవిడ కూడా దగ్గింది కాబట్టి బతుకుతుంది. లేకపోతే మీ దగ్గులు విని ఈ పాటికి నేను పరిగెత్తి రేవులో ఉండేదాన్ని.”

హెలికాప్టర్ వచ్చింది. దిగే మైదానంలో గొర్రెలు పడుకుని ఉంటే, లాక్లన్ మేజోళ్ళతోనే మంచులోకి పరిగెత్తి వాటిని అదిలించాడు. ఊనాని స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే ఆవిడ ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి, “అల్లిక అక్కడే ఉంచండి, ముడి జార్చకండి,” అని ఆజ్ఞాపించి వెళ్ళింది. ఆస్పత్రిలో మూడు వారాలుండి, నడుచుకుంటూ తిరిగొచ్చింది.

మేం ఇంట్లోకి వచ్చేసరికి మిగిలిన పదిమందీ తమ తమ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఇనెస్ తడి కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. లోపలి గదిలోకి వెళ్ళి, పాత డాక్టరు బల్ల మీది దుమ్ము అరచేత్తో తుడిచి, కుర్చీలో కూర్చుని కేకేసింది.

“ముందు ఎవరు?”

తొమ్మిదిమందీ ఒకేసారి లాక్లన్‌ని చూపించారు. ఎవరు ఎవరి తరవాతో వాళ్ళకి బాగా తెలుసు. ఇన్నాళ్ళుగా అదే వరసలో కూర్చుంటున్నారు మరి.

ఏడింటి పడవ ఆవిడ లేకుండానే వెళ్ళిపోయింది. గాలివాన మూడు రోజులనుకుంటే ఐదు రోజులు కొట్టింది. ఆ ఐదు రోజుల్లో ఆవిడ ఒక్కొక్కళ్ళ బాధా మొదటి నుంచి చివరిదాకా విన్నది. కొందరివి వాళ్ళ తాతల కాలం నుంచి మొదలయ్యాయి. ఆరో రోజున నా కొట్లో, బిస్కెట్ల పక్క కిటికీలోంచి, ఉద్యోగం ఒప్పుకుంటూ బోర్డుకి ఉత్తరం పోస్టు చేసింది.

జవాబుతోపాటు ఒక కాగితం వచ్చింది. ఇప్పుడు అక్కడ డాక్టరు ఉన్నారు గనక, ఇనప పెట్టె తెరిచి వేడి తగ్గించడానికి సంతకం చెయ్యవలసిందిగా బోర్డు కోరింది. ఇనెస్ దాన్ని మడిచి, కదిలే బల్ల కాలు కింద పెట్టింది. తలుపు మీద ఒక అట్ట తగిలించింది: ‘డాక్టరు చూసే వేళలు — ఉదయం తొమ్మిది నుంచి. ఎదురుచూసే వేళలు — మధ్యాహ్నం మూడున్నర నుంచి రాత్రి ఏడు వరకు.’

బోర్డు నుంచి ఫోన్ వచ్చింది.

“డాక్టరుగారూ, సాయంత్రం పూట వీళ్ళు దేని కోసం ఎదురుచూస్తారండీ?”

“మర్నాటి తొమ్మిది కోసం.”

అవతలి మనిషి కాసేపు ఆలోచించి, రాసుకున్నాడట. ఈ యేటి నివేదికలో బోర్డువాళ్ళు గ్రునవే గురించి ప్రత్యేకంగా రాశారు. అక్కడి ప్రజలకి వైద్యం మీద ఎంత నమ్మకమంటే, ముందు రోజు సాయంత్రమే వచ్చి కూర్చుంటున్నారు అని. మిగతా దీవులన్నీ అది చూసి నేర్చుకోవాలట. ఎలా నేర్చుకోవాలో చూడ్డానికి ముగ్గురు అధికారులు బయల్దేరారు గానీ, పడవ రద్దయింది.

ఇక నా సంగతి.

ఆ రాత్రి ఇంటికొచ్చి జరిగింది చెప్పగానే షీనా గోడ మీది హీటింగ్ మీట వైపు వేలు చూపించింది. మా ఇంట్లో హీటింగ్ మీట మీద చెయ్యి వేసే హక్కు నాకొక్కడికే ఉండేది. పొద్దున గంటసేపు, రాత్రి గంటసేపు. మిగతా వేళల్లో చలేస్తే ఇంకో స్వెటర్ వేసుకోమనేవాణ్ణి. పెద్దావిడ రెండేళ్ళుగా బూట్లేసుకుని దెయ్యాల కొంపకి ఎందుకు వెళ్ళేవారో నాకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో తలెత్తుకోలేకపోయాను.

మర్నాడే ఇల్లంతా వెచ్చగా చేశాను. కుర్చీని రేడియేటర్ దగ్గరికి జరిపాను. దాని మీద దిండు వేశాను. టీ కూడా నేనే పెట్టాను. అత్తగారు కూర్చున్నారు, తాగారు, బాగుందన్నారు. నా గుండె తేలికైంది.

మూడున్నరకి లేచి బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు.

“అదేమిటి అత్తగారూ! ఇక్కడ వెచ్చగా లేదా?”

“ఉంది.”

“డాక్టరుగారింటి కన్నా తక్కువా?”

“ఇంకా ఎక్కువే ఉంది, బాబూ.”

“మరి ఈ చీకట్లో, ఈ గాలిలో అంత దూరం ఎందుకండీ?”

ఆవిడ రెండో బూటు తాడు కూడా ముడేసి, అల్లిక సంచి చంకలో పెట్టుకుని, తలుపు దగ్గర వెనక్కి తిరిగారు.

“ఇక్కడ నువ్వుంటావు కదా, అల్లుడూ.”